గుమ్మం ముందు మోల్డింగులు: భుజం ఎత్తుకి పైన ఒకటి, కింద ఒకటి

గుమ్మం చుట్టూ మోల్డింగ్ పెట్టించాలనుకునేవాళ్లు ముందుగా కేటలాగు తెరుస్తారు. రెండు పక్కలా స్తంభాలు, పైన ముందుకు పొడుచుకొచ్చే అంచు పట్టీ (కార్నిస్), దాని మీద త్రికోణం, నడిమధ్య ఒక ఆకుల గుత్తి. అన్నీ ఒకే సరుకుతో చేసిన సెట్టు. అది కొనేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. నేను మాత్రం సెట్టు కొనొద్దనే అంటాను. గుమ్మం మొత్తానికి ఒకే సరుకు వాడటం చాలా ఇళ్లకు తప్పు ఎంపిక.

మనిషి భుజం ఎత్తులో గోడ మీద ఒక అడ్డగీత ఉందనుకోండి. గీత కింద ఉన్న ముక్కలకు కాళ్లు తగులుతాయి, సైకిల్ హ్యాండిల్ తగులుతుంది, బీరువా లోపలికి మోసేటప్పుడు దాని మూల రాసుకుంటుంది, నేల కడిగిన నీళ్లు చిందుతాయి. గీత పైన ఉన్నవాటికి చెయ్యి కూడా తగలదు. అక్కడ ఎండావానలు ఉంటాయి, అన్నిటికన్నా ముఖ్యంగా బరువు సమస్య ఉంటుంది, ఎందుకంటే ఆ ముక్క మన నెత్తి మీద వేలాడుతుంది. కింద గట్టిదనం కావాలి, పైన తేలిక కావాలి. ఈ రెండూ ఒకే సరుకులో, అందుబాటు ధరలో దొరకడం అరుదు. ఈ రాతంతా ఆ గీత చుట్టూనే తిరుగుతుంది.

ముందు గోడ సంగతి తేల్చుకోండి

మోల్డింగ్ ఎంత మంచిదైనా దాన్ని పట్టుకునేది గోడే. గుమ్మం చుట్టూ రెండడుగుల మేర ప్లాస్టరింగ్‌ను సుత్తి పిడితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ ప్లాస్టర్ ఇటుకను వదిలేసిందన్నమాట. దాన్ని కొట్టేసి మళ్లీ పూయించకుండా పైన ఏది అంటించినా ప్లాస్టర్‌తో సహా ఊడి పడుతుంది.

పాత గోడకు రంగు ఉంటే మరో చిక్కు. అంటించే జిగురు రంగుని పట్టుకుంటుంది, రంగు గోడని పట్టుకుంటుంది. ఈ రెంటిలో బలహీనమైనది రంగే. మోల్డింగ్ కూర్చునే పట్టీ మేరకైనా రంగు, పుట్టీ గీకించి ప్లాస్టర్ కనబడేదాకా తేవాలి. చాలామంది మేస్త్రీలు ఈ పని తప్పించుకోవాలని చూస్తారు. ఇక్కడ మొహమాటపడకండి.

గోడ దేనితో కట్టారో కూడా తెలియాలి. ఎర్ర ఇటుకలో, కాంక్రీటులో మామూలు యాంకర్ బోల్టులు పట్టుకుంటాయి. తేలికపాటి గాలిబుడగల బ్లాకుల్లో అవే బోల్టులు తిరిగిపోతాయి. వాటికి ప్రత్యేకమైన ప్లగ్గులో, కెమికల్ యాంకర్లో వాడాలి. బరువైన రాయి గానీ జీఆర్‌సీ (గాజు పీచు కలిపిన కాంక్రీటు) గానీ మనసులో ఉంటే ఎంపిక ఇక్కడే సగం తేలిపోతుంది.

తర్వాత టేపు తీసుకుని తలుపు పైఅంచు నుంచి దాని పైనున్న సన్‌షేడ్‌కో, స్లాబుకో, మేడమీది కిటికీకో ఎంత ఖాళీ ఉందో కొలవండి. ఈ ఒక్క కొలతే కేటలాగులో సగం డిజైన్లను కొట్టేస్తుంది. ఎలాగో చూద్దాం.

ఎంత పెట్టాలి

అన్నిటికన్నా చిన్నది చుట్టుపట్టీ. ద్వారబంధం చుట్టూ, గోడ ముఖం మీద మూడు వైపులా ఒక పట్టీ నడుస్తుంది. దీని వెడల్పుకు పాతకాలం నుంచి నడుస్తున్న ఒక లెక్క ఉంది: తలుపు ఖాళీ వెడల్పులో ఆరో వంతు. మూడున్నర అడుగుల గుమ్మానికి ఏడు అంగుళాలు. సన్నగా కావాలంటే ఎనిమిదో వంతు దాకా దిగొచ్చు, అంటే ఐదుంపావు. రెండంగుళాలు, మూడంగుళాల పట్టీలు పెద్ద తలుపు చుట్టూ పెడితే గీత గీసినట్టే ఉంటాయి. పెట్టిన ఖర్చు కంటికి ఆనదు.

రెండో మెట్టులో ఆ పట్టీ నెత్తిన ఒక బరువైన అడ్డం ముక్క వస్తుంది. మధ్యలో చదునుగా ఒక పలక, దాని పైన ముందుకు పొడుచుకొచ్చిన కార్నిస్. కావాలంటే రెండు చివరలా బ్రాకెట్లు. మామూలు ఇళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. చోటు తక్కువ తింటుంది, గుమ్మానికి తల వస్తుంది, కింద ఏ ముక్కా అడ్డం రాదు.

మూడోది పిలాస్టర్లు, అంటే గోడకు అతికినట్టుండే చదును స్తంభాలు. కింద పీఠం, పైన తలకట్టు. స్తంభాల లెక్కలను 16వ శతాబ్దంలో ఇటలీ వాస్తుశిల్పి విన్యోలా సులువైన కొలతలుగా పెట్టాడు. సాదా నుంచి నగిషీ దాకా స్తంభాల శైలుల వరసలో, టస్కన్ స్తంభం ఎత్తు దాని మందానికి 7 రెట్లు, డోరిక్ 8, అయానిక్ 9, కొరింథియన్ 10. నగిషీ పెరిగేకొద్దీ స్తంభం సన్నబడుతుందని గమనించారా? ఏడడుగుల ఎత్తున్న డోరిక్ పిలాస్టర్‌కు పదిన్నర అంగుళాల వెడల్పు కావాలి. కొరింథియన్‌కు ఎనిమిదిన్నర సరిపోతుంది. ఆకులు చెక్కిన తలకట్టును లావాటి స్తంభం మీద పెట్టిన గుమ్మాలు చాలానే కనిపిస్తాయి. ఏదో తేడా ఉందని ఎవరికైనా అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు. తేడా ఈ లెక్కలోదే.

స్తంభాల మీద కూర్చునే అడ్డం భాగం మొత్తానికి విన్యోలా ఇచ్చిన ఎత్తు స్తంభం ఎత్తులో నాలుగో వంతు. ఏడడుగుల స్తంభానికి అది 21 అంగుళాలు. దాని మీద త్రికోణాకారపు పెడిమెంట్ కూడా కావాలంటే, మొత్తం వెడల్పు ఆరడుగులు అనుకుని ఐదో వంతు ఎత్తు ఇస్తే మరో 14 అంగుళాల పైచిలుకు. తలుపు మీద మొత్తం మూడడుగుల చోటు తినేసింది. ఇందాక టేపుతో కొలిచిన ఖాళీ రెండడుగులే అయితే పెడిమెంట్ ఆలోచన వదిలేయడమే మంచిది. నొక్కిపెట్టి చదును చేసిన త్రికోణం గుమ్మానికి హుందాతనం తేదు, సన్‌షేడ్ దాన్ని అణిచేసినట్టు ఉంటుంది. చోటు చాలనప్పుడు అడ్డం భాగాన్ని ఆరో వంతుకు, అంటే 14 అంగుళాలకు తగ్గించి, పైన చదునైన కార్నిస్‌తో ఆపేయండి.

కీస్టోన్ విషయంలో నాకు ఒక పట్టుదల ఉంది. అది కమాను మధ్యలో బరువు పట్టే రాయి. కమాను లేని చోట, అడ్డంగా నడిచే సన్నని పట్టీ మధ్యలో దాన్ని అతికిస్తే అతికించినట్టే కనిపిస్తుంది. ఇష్టమైతే పెట్టుకోండి, కానీ కీస్టోన్, పెడిమెంట్, రెండు బ్రాకెట్లు, పైన ఒక పతకం అన్నీ ఒకే గుమ్మానికి వద్దు.

కార్నిస్ కింద వరుసగా ఉండే పళ్లలాంటి దిమ్మెలు, వీటిని డెంటిల్స్ అంటారు. వాటికి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన లెక్క ఇది: పన్ను వెడల్పు దాని ఎత్తులో సగం, పన్నుకీ పన్నుకీ మధ్య ఖాళీ పన్ను వెడల్పులో మూడింట రెండు వంతులు. అందంగా ఉంటాయి. కాకపోతే దుమ్ము రేగే రోడ్డు పక్క ఇంటికి ఇవి తలనొప్పి. ప్రతి సందులో దుమ్ము, సాలెగూడు, అప్పుడప్పుడు కందిరీగల గూడు. అలాంటి చోట సాదా వంపులున్న పట్టీలే మేలు.

ఏ డిజైన్ అనుకున్నా, అట్టముక్కలు అసలు సైజులో కోసి గోడకు టేపుతో అంటించి రెండు మూడు రోజులు అలాగే ఉంచండి. గేటు దగ్గర నిలబడి చూడండి, రోడ్డు అవతల నుంచి చూడండి. అట్టలో మందం కనిపించదు గానీ, వెడల్పులు, ఎత్తులు అక్కడే తేలిపోతాయి. జాలీ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో, కాలింగ్ బెల్ ఎక్కడికి జరపాలో, ఇంటి నంబరు పలక ఎక్కడ పడుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. మందమైన పట్టీ వల్ల బయటికి తెరుచుకునే తలుపు సగంలో ఆగిపోవడం మామూలుగా జరిగేదే.

మందం అంటే నీడ. మోల్డింగ్ మనకు కనిపించేది దాని నీడ వల్లనే. రోజులో కొంతసేపైనా నేరుగా ఎండ పడే గుమ్మానికి అరంగుళం, ముప్పావు అంగుళం లోతున్న వంపులు కూడా చక్కగా తేలుతాయి. లోతైన వరండాలో, ఎప్పుడూ నీడలో ఉండే గుమ్మానికి అదే పట్టీ పెడితే గోడలో కలిసిపోతుంది. అక్కడ వంపుల సంఖ్య తగ్గించి లోతు పెంచాలి. లేదా గోడకూ పట్టీకీ రంగులో తేడా చూపించాలి.

నీళ్లు ఎటు పోతాయి

కార్నిస్‌ని అలంకారం కోసం కనిపెట్టలేదు. గోడ మీద జారే వాన నీటిని ముందుకు తోసి, గోడకు దూరంగా పడేయడం దాని అసలు పని. మనం కొనే చాలా ముక్కలు ఆకారాన్ని ఉంచుకుని ఈ పనిని వదిలేశాయి. పైఅంచు చదునుగా ఉంటే నీళ్లు నిలుస్తాయి, గోడకూ ముక్కకూ మధ్య సందులోకి దిగుతాయి, వర్షాలు పోయాక గుమ్మం నెత్తిన పసుపు మరక, ఆ తర్వాత పొక్కులు.

కొనేముందు మూడు చూడండి. పైముఖం బయటికి వాలుగా ఉందా. కిందివైపు ముందంచుకు ఒక అంగుళం లోపల, పొడుగునా ఒక గాడి ఉందా. వెనక పైఅంచు గోడను కలిసే చోట ఒక రేకు గానీ గోడలోకి దూర్చిన పట్టీ గానీ వస్తుందా. ఆ గాడి చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ అది లేకపోతే నీటి బొట్టు అడుగుభాగం వెంట పాకి మళ్లీ గోడకే చేరుతుంది. అరంగుళం గాడి దాన్ని అక్కడే తెంపేస్తుంది. మీ సన్‌షేడ్ ఇప్పటికే రెండడుగులు బయటికి ఉండి ఏటవాలు వాన కూడా గుమ్మాన్ని తాకకపోతే, ఈ మూడింటినీ అంతగా పట్టించుకోనక్కర్లేదు.

సీలెంట్ వేయించేటప్పుడు పైఅంచు, రెండు పక్కలు మూయించండి. అడుగు అంచు తెరిచే ఉంచమనండి. ఎలాగో లోపలికి వెళ్లిన నీటికి బయటికి దారి ఉండాలి కదా.

ఏ సరుకు

బరువుతో మొదలుపెడదాం. ఐదడుగుల పొడవు, అడుగు ఎత్తు, ఆరంగుళాలు ముందుకొచ్చే ఒక అడ్డం ముక్క అనుకోండి. గట్టి గ్రానైట్ దిమ్మె అయితే దాదాపు 180 కిలోలు. కాంక్రీటు పోస్తే 160. లోపల డొల్లగా ఉండే 12 మిల్లీమీటర్ల మందపు జీఆర్‌సీ అయితే 20 నుంచి 25. పూత వేసిన థర్మోకోల్ అయితే ఆరేడు కిలోలు. నలుగురు మనుషులు, పరంజా, లింటెల్ బలం, వీటన్నిటి లెక్కా ఈ అంకెల వెనకే నడుస్తుంది.

థర్మోకోల్ మోల్డింగులతోనే మొదలెడతాను, ఎందుకంటే ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి ఇవే, ఎక్కువగా అపార్థం చేసుకునేవీ ఇవే. థర్మోకోల్‌నే ఈపీఎస్ ఫోమ్ అంటారు. దాన్ని వేడి తీగతో కావలసిన ఆకారంలో కోసి, పైన ఫైబర్ జాలీ చుట్టి, సిమెంటు, యాక్రిలిక్ కలిసిన పూత రెండు మూడు మిల్లీమీటర్ల మందాన వేస్తారు. నాణ్యత అంతా ఆ పూతలోనే ఉంది. ఫోమ్‌కు ఎండ పడదు, నేరుగా తగిలితే పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. పూత చెక్కుచెదరనంత కాలం దానికేమీ కాదు. కాబట్టి ముక్క కొనేటప్పుడు తెగిన చివర చూడండి: పూత మందం అన్ని వంపుల్లోనూ ఒకేలా ఉందా, జాలీ లోపల ఉందా లేక మూలల దగ్గర మాయమైందా. గోరుతో నొక్కితే సొట్ట పడే ముక్కను వద్దనండి.

దీని బలహీనతలు దుకాణంలో ఎవరూ చెప్పరు. పెట్రోలు, థిన్నర్, అసిటోన్ లాంటివి తగిలితే ఫోమ్ కరిగిపోతుంది. అందుకే ఘాటు వాసన వచ్చే ద్రావకపు జిగుర్లు దీనికి పనికిరావు. నీటితో కలిపే పాలిమర్ సిమెంట్ జిగురే వాడాలి. కరెంటు వైరు పైతొడుగు పీవీసీ నేరుగా థర్మోకోల్‌కి ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే, పీవీసీలోని మెత్తదనాన్నిచ్చే పదార్థం ఫోమ్‌లోకి పోతుంది. వైరు పెళుసెక్కుతుంది, ఫోమ్ మెత్తబడుతుంది. గుమ్మం దీపం వైరు, బెల్లు వైరు మోల్డింగ్ వెనక నుంచి పోతుంటే గొట్టంలో వేయించండి. ఇది మండే సరుకన్న సంగతి కూడా మరవకూడదు. మంట తగిలితే కరిగి చుక్కలుగా కారుతుంది. ఇంట్లోంచి బయటపడే దారి నెత్తిన ఉండేది కనుక మంటను నిలవరించే రకం అడగండి, వేడెక్కే లైట్లను దానికి దూరంగా పెట్టండి. చీమలు, చెదలు ఫోమ్‌ని తినవు గానీ అందులో సొరంగాలు చేసి కాపురం పెడతాయి. నేలకు ఆనించి పెట్టిన ఫోమ్ పీఠం వాటికి తలుపు తీసి పిలిచినట్టే.

ఇవన్నీ విని దీన్ని పక్కన పెట్టేయకండి. భుజం గీత పైన, దెబ్బ తగలని చోట, మంచి పూత ఉన్న ఈపీఎస్‌కి ధరలో పోటీ లేదు. గీత కింద మాత్రం మొదటి బీరువాకే దాని సంగతి తేలిపోతుంది.

పాలియురథేన్, అంటే పీయూ మోల్డింగులు కూడా ఫోమే. కానీ అచ్చులో పోసి చేస్తారు, గట్టిగా ఉంటాయి, నీరు పీల్చవు. ఆకులు, పూలు, సన్నని గీతల నగిషీ ఇందులో వచ్చినంత పదునుగా వేడి తీగతో కోసిన ఈపీఎస్‌లో రాదు. చెక్కలా కొయ్యొచ్చు, స్క్రూలు పట్టుకుంటాయి. దీనికీ ఎండ పడదు. రంగు వేయకుండా వదిలేస్తే పసుపెక్కి పైపొర సుద్దలా వస్తుంది, కాబట్టి వెనకా ముందూ చూడకుండా వెంటనే రంగు వేయాలి. నగిషీ బ్రాకెట్లు, తలకట్లు, పతకాలు కావాలంటే పీయూ తీసుకోండి. పొడవాటి సాదా పట్టీలకు దాని ధర దండగ.

గీత కింద నా మొదటి ఓటు జీఆర్‌సీకి, లేదా అక్కడికక్కడే తాపీతో లాగే సిమెంటు పనికి.

జీఆర్‌సీ అంటే గాజు పీచు కలిపిన కాంక్రీటు. మామూలు గాజు పీచును సిమెంటులోని క్షారం తినేస్తుంది, అందుకే జిర్కోనియా కలిపిన ప్రత్యేకమైన గాజు వాడతారు. తయారీదారుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: పీచు క్షారాన్ని తట్టుకునే రకమేనా. జవాబు తడబడితే వేరే చోటు చూసుకోండి. మంచి జీఆర్‌సీ 10 నుంచి 15 మిల్లీమీటర్ల మందంలోనే దెబ్బ తట్టుకుంటుంది, మండదు, చెద పట్టదు, రాయిలాంటి నునుపు వస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే కొలతల్లో. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ముక్క అరంగుళం పొడవైతే డైమండ్ బ్లేడుతో కోయాలి, పొట్టిదైతే ఇక అంతే. కొత్త ఇల్లయితే నేల టైల్స్, ద్వారబంధం పూర్తయ్యాకే కొలతలు ఇవ్వండి. జిగురు మీద వదిలేయకుండా లోపల బ్రాకెట్లు, పిన్నులతో బిగించాలి. ముక్కకూ ముక్కకూ మధ్య ఆరు నుంచి పది మిల్లీమీటర్ల సందు వదిలి సీలెంట్‌తో నింపాలి.

సిమెంటు గచ్చుపని పాత పద్ధతి. కావలసిన ఆకారాన్ని రేకులో కత్తిరించి, చెక్కకు బిగించి, గోడ మీద కొట్టిన పట్టీ ఆధారంగా పచ్చి సిమెంటు మీద లాగుతారు. రేకు ఎంత పదునైతే పని అంత పదును. అతుకులు ఉండవు, గోడతో ఏకమైపోతుంది, కమాను చుట్టూ తిరగడానికి దీనికి మించింది లేదు, సరుకు ఖర్చు చాలా తక్కువ. మొత్తం భారం చెయ్యి మీద ఉంది. ఒకే రోజు మందంగా వేసేస్తే పగులుతుంది. 12 నుంచి 15 మిల్లీమీటర్ల పొరలుగా, పొరకీ పొరకీ మధ్య ఆరనిచ్చి, చివరికి కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలి. రెండంగుళాలకు మించి బయటికి రావాలంటే లోపల ఇటుకతోనో కాంక్రీటుతోనో ముందే దిమ్మె కట్టి ఉండాలి, వట్టి సిమెంటు అంత మందం మోయదు. చేయించే ముందు ఆ మేస్త్రీ చేసిన పాత పని ఒకటి, కనీసం రెండు వానాకాలాలు చూసినది, వెళ్లి చూడండి. పచ్చి సిమెంటు మీద తొందరపడి నూనె రంగు వేయించకండి. క్షారం రంగును సబ్బులా మార్చి ఊడదీస్తుంది. నాలుగు వారాలు ఆగండి.

రాయి గురించి చెప్పడానికి కొంచెమే ఉంది: బడ్జెట్ ఉండి, లింటెల్ బలం ఇంజనీరు చూసి సరే అంటే, పీఠాలకు, గడపకు, కింది పట్టీలకు గ్రానైట్‌కు సాటి లేదు. పాలరాయి మీద ఆమ్లం పడితే మెరుపు పోతుంది, ఇసుకరాయి నీరు పీలుస్తుంది, ఉప్పుగాలి తగిలే చోట పొరలు పొరలుగా ఊడుతుంది. నెత్తి మీదికి మాత్రం దిమ్మెలు ఎక్కించకండి. పలుచని పలకలు క్లాంపులతో బిగించడం వేరే సంగతి.

చెక్క మీద ఇష్టం ఉన్నవాళ్లతో వాదించను. దగ్గరి నుంచి చూసినప్పుడు, చేత్తో తడిమినప్పుడు మరేదీ చెక్కలా ఉండదు. వరండా లోపలున్న గుమ్మానికి టేకు మోల్డింగ్ చక్కటి ఎంపిక. వాన నేరుగా కొట్టే గుమ్మానికి మాత్రం పని పెట్టుకున్నట్టే. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, పొడవులో దాదాపు కదలదు. అందుకే 45 డిగ్రీల కోతతో కలిపిన మూలలు రెండు మూడు సీజన్లకు నోరు తెరుస్తాయి. నీరు ఎక్కువగా పీల్చేది తెగిన చివర. బిగించే ముందే ఆరు ముఖాలకూ, ముఖ్యంగా కోసిన చివరలకు ప్రైమర్ పడాలి. అది అయ్యాక వెనకవైపు చూసే భాగ్యం ఎవరికీ ఉండదు. నిలువు పట్టీ నేలను తాకకుండా పావు అంగుళం పైనే ఆగాలి, లేదా రాతి పీఠం మీద కూర్చోవాలి.

పీవీసీ పట్టీలకు చెద లేదు, కుళ్లు లేదు, వడ్రంగి పనిముట్లతోనే కోసేయొచ్చు. ఎండకు సాగడమే దాని గుణం. మూడు మీటర్ల పట్టీ 30 డిగ్రీల వేడి తేడాకు ఐదు మిల్లీమీటర్ల పైనే పొడవు మారుతుంది, అదే తేడాకు కాంక్రీటు ఒక మిల్లీమీటరు కూడా కదలదు. రెండు చివరలా బిగించి సందు లేకుండా పెడితే మధ్యలో ఉబ్బుతుంది, లేదా మూలల్లో చీలుతుంది. ముదురు రంగు వేస్తే ఇంకా వేడెక్కుతుంది. తెలుపు, లేత రంగులకే పరిమితం కాగలిగితే, లోపల గట్టిగా నిండిన రకం చుట్టుపట్టీలకు మంచి సరుకే. లోపల డొల్లగా, కాగితంలా పలుచగా ఉండే రకాన్ని గుమ్మం దగ్గరికి రానివ్వకండి. ఎఫ్‌ఆర్‌పీ, అంటే పీచు కలిపిన ప్లాస్టిక్, కూడా తేలికైనదే, గట్టిదే, పెద్ద ముక్కలకు పనికొస్తుంది. పైన మెరుపు పూత ఉంటే మాత్రం ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది, మ్యాట్ రంగు వేయించాలి.

పీఓపీ (జిప్సమ్‌తో చేసే ప్లాస్టర్), ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసే పలక) గుమ్మం బయట వద్దు. జిప్సమ్ నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది, ఎండీఎఫ్ తడికి ఉబ్బి పొరలు విడిపోతుంది. రంగు కాపాడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

అచ్చులో చేసిన సరుకంటే చిన్నచూపు అక్కర్లేదు. 1769లో లండన్‌లోని లాంబెత్‌లో ఎలినార్ కోడ్ అనే ఆవిడ ఒక కృత్రిమ రాతి ఫ్యాక్టరీని చేతిలోకి తీసుకుంది. మట్టి మిశ్రమాన్ని అచ్చుల్లో నొక్కి, కొలిమిలో కాల్చి కీస్టోన్లు, దిమ్మెలు అమ్మేది. 1770లలో, 80లలో కట్టిన బెడ్‌ఫర్డ్ స్క్వేర్ ఇళ్ల గుమ్మాల మీద అవి ఇప్పటికీ ఉన్నాయి, ఒకే ముఖం, ఒకే దిమ్మె వరసగా. చెక్కిందా, పోసిందా అన్నది కాదు, వానకు ఏ ముఖం చూపిస్తోంది అన్నదే ఆయుష్షును తేలుస్తుంది.

మీ గుమ్మానికి ఏది

రోడ్డుకు నేరుగా తెరుచుకునే, సన్‌షేడ్ చిన్నగా ఉన్న గుమ్మం: కింద సిమెంటు గచ్చుపనితో ఏడంగుళాల చుట్టుపట్టీ, పాదాల దగ్గర అడుగు ఎత్తు రాతి పీఠం, పైన మంచి పూత ఉన్న ఈపీఎస్ కార్నిస్, దానికి వాలూ గాడీ తప్పనిసరి. ఒకే రంగు వేస్తే రెండు సరుకులని ఎవరికీ తెలియదు. ఖర్చు అదుపులో ఉంచుకోవాలనుకునే వాళ్లలో ఎక్కువమందికి నా సలహా ఇదే.

లోతైన వరండా ఉన్న పెద్ద గుమ్మం: వాన భయం లేదు కాబట్టి చెక్క మోల్డింగ్ ఆలోచించవచ్చు. నీడ ఎక్కువ కాబట్టి వంపులు లోతుగా ఉండాలి. పిలాస్టర్లు పెట్టే చోటు సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది.

రెండంతస్తుల ఎత్తు ముఖద్వారం, పెడిమెంట్‌తో సహా కావాలంటే: కింద స్తంభాలు జీఆర్‌సీ, పైన కూడా జీఆర్‌సీ లేదా ఎఫ్‌ఆర్‌పీ. అంత ఎత్తులో గాలి ఒత్తిడి ఉంటుంది, జిగురు మీద ఆధారపడే సరుకు వద్దు. ఇది ఇంజనీరు సంతకంతో జరగాల్సిన పని.

అద్దె ఇల్లో, అపార్ట్‌మెంట్ ఫ్లాటో అయితే: కారిడార్ లోపలే కాబట్టి పీవీసీ లేదా పీయూ చుట్టుపట్టీ, పైన చిన్న అడ్డం ముక్క. స్క్రూలతో బిగిస్తే తీసేయడమూ తేలికే. కారిడార్ వెడల్పు తగ్గించే పిలాస్టర్లు, పీఠాలు వద్దు. అగ్నిప్రమాదంలో అందరూ పరుగెత్తేది అటే. మండే ఫోమ్ విషయంలో కూడా అక్కడ రెండింతలు ఆలోచించాలి.

సముద్రానికి దగ్గరున్న ఇల్లు: సరుకు కన్నా ముందు స్క్రూలు చూడండి. మామూలు ఇనుప స్క్రూలు తుప్పు కార్చి తెల్లటి మోల్డింగ్ మీద గోధుమ చారలు గీస్తాయి. ఎక్కడైనా స్టెయిన్‌లెస్ స్టీలే వాడాలి, ఉప్పుగాలికి 316 రకం అడగండి.

పని క్రమం

వైర్లు, గొట్టాలు మొదట. నేల టైల్స్, గడప తర్వాత. ఆపైన మోల్డింగ్, అది కింది నుంచి పైకి: పీఠాలు, నిలువులు, అడ్డం, కార్నిస్. ప్రతి నిలువునూ విడిగా తూకం గుండుతో చూడాలి. ద్వారబంధమే కాస్త వంకరగా ఉంటే పట్టీని దాని వంకరతో కాకుండా గుండుతో కలపాలి, తేడాను లోపలి అంచు దగ్గర సర్దుకోవాలి. అతుకులు కంటి ఎత్తులో పడకుండా ముక్కల పొడవు ముందే లెక్కవేసుకోండి. నిలువు పట్టీలో అతుకు తప్పనిసరైతే భుజం గీత దగ్గరే పడనివ్వండి, సరుకు మారేదీ అక్కడే కాబట్టి ఒక సన్నని అడ్డం పట్టీతో కప్పేయొచ్చు.

రంగు చివర. బయట వాడే యాక్రిలిక్ రంగు, గోడ రంగుకే రెండు మూడు మెట్లు లేతగానో, తెలుపుగానో ఉంటే నీడలు బాగా కనిపిస్తాయి. బంగారు రంగు పూసిన ఆకుల మీద నాకు మంచి అభిప్రాయం లేదు, ఒక్క వానాకాలానికే అది వెలిసిపోతుంది. ఇక ప్రతి రకం పట్టీలో ఒక మీటరు, బ్రాకెట్‌లో ఒకటి అదనంగా కొని దాచుకోండి. అచ్చులు మారిపోతుంటాయి, నాలుగేళ్ల తర్వాత ఒక మూల విరిగితే అదే వంపు మళ్లీ దొరకదు. దాచిన ముక్క వెనక తయారీదారు పేరు, రంగు నంబరు పెన్సిల్‌తో రాసి ఉంచితే రంగు డబ్బా కొనేటప్పుడు కూడా పనికొస్తుంది.